బీఎస్సీ తర్వాత బోటనీలో పీజీ: మొక్కల వర్గీకరణ వైపు వెళ్లేవారికి అడుగడుగునా దారి

ఎమ్మెస్సీ బోటనీలో సీటు సంపాదించడం చాలాచోట్ల అంత కష్టం కాదు. ఆ రెండేళ్లూ చదివాక ఎవరైనా ఓ కొమ్మ తెచ్చి చేతిలో పెడితే పేరు చెప్పగలగడం కష్టం. టాక్సానమీ (వర్గీకరణ శాస్త్రం) పేపర్లో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా క్యాంపస్ గేటు పక్కన మొలిచిన కలుపు మొక్క ముందు తడబడటం మామూలే. సిలబస్ మనిషిని టాక్సానమిస్టును చేయదు. ఆ పని హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలను షీట్ల మీద భద్రపరిచే చోటు), అడవి, ఓపికగా చూపించే ఒక గురువు చేస్తారు. పీజీకి ముందు నుంచి పీహెచ్‌డీ దాకా ఈ మూడింటినీ ఎలా సంపాదించుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఇది మీకు సరిపడుతుందో లేదో చూసుకోండి

నాలుగు సెమిస్టర్ల ఎమ్మెస్సీలో శైవలాలు, శిలీంధ్రాలు, బ్రయోఫైట్ల నుంచి మొదలుపెట్టి కణశాస్త్రం, జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, జీవావరణం, బయోటెక్నాలజీ దాకా అన్నీ ఉంటాయి. పుష్పించే మొక్కల వర్గీకరణకు దక్కేది సాధారణంగా ఒకటో రెండో పేపర్లు. కాబట్టి దాని కోసమే చేరేవాళ్లు మిగతా పేపర్లను భరించాలి. భరించడమేమిటి, చదవాలి. రేపు నెట్ (లెక్చరర్, పరిశోధన ఫెలోషిప్ అర్హత పరీక్ష) రాసేటప్పుడు ఎక్కువ మార్కులు ఇచ్చేవి అవే.

ఎండలో నడవడం ఇష్టమా? రెండు గడ్డి పరకల మధ్య తేడా కోసం గంటసేపు లెన్సు పట్టుకుని కూర్చోగలరా? పాత పుస్తకాల్లోని పొడి పొడి వర్ణనలు చదవగలరా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే రండి. పక్కింటివాళ్లు అడుగుతారని, బయోటెక్నాలజీలో సీటు రాలేదని మాత్రం టాక్సానమీ తీసుకోకండి. ఇందులో ఫలితం ఆలస్యంగా వస్తుంది. మనసు లేనివాళ్లు మొదటి వర్షాకాలంలోనే విసిగిపోతారు.

యూనివర్సిటీ పేరు కన్నా హెర్బేరియం ముఖ్యం

ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ, ఆచార్య నాగార్జున, యోగి వేమన, ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీలన్నింటిలో బోటనీ పీజీ ఉంది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీకి ఈ రంగంలో ప్రత్యేక స్థానం ఉంది. ఉమ్మడి రాష్ట్రపు ఫ్లోరా (ఒక ప్రాంతపు మొక్కల వర్ణనల పుస్తకం) సంపుటాలను అక్కడి ఆచార్యుడు టి.పుల్లయ్య, ఆయన సహచరులు, శిష్యులు తయారుచేశారు. వాటి మొదటి భాగాలు 1997లో వచ్చాయి. వరంగల్‌లోని కాకతీయ యూనివర్సిటీలోనూ వర్గీకరణ మీద చాలాకాలంగా పని జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పేరున్నదే, కానీ అక్కడి ప్లాంట్ సైన్సెస్ విభాగం ఎక్కువగా మాలిక్యులర్ వైపు మొగ్గుతుంది. ల్యాబ్‌లో జన్యువులతో పనిచేయాలనుకునేవారికి అది స్వర్గం. ఫీల్డ్ టాక్సానమీ కోసమైతే చేరేముందు అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో కనుక్కోండి. రాష్ట్రం దాటగలిగితే కేరళలోని కాలికట్ యూనివర్సిటీని తప్పక పరిశీలించండి. పుష్పించే మొక్కల వర్గీకరణలో దేశంలో గట్టి సంప్రదాయం ఉన్న విభాగాల్లో అదొకటి.

కౌన్సెలింగ్‌కు ముందే ఒకసారి ఆ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లిరండి. హెర్బేరియం గది ఎక్కడుందో అడగండి. తాళం తీయడానికి ఎవరూ దొరకకపోతే, తీశాక బీరువాల్లో పురుగు పట్టిన షీట్లు కనిపిస్తే విషయం అర్థమైపోతుంది. తర్వాత సీనియర్లను రెండు సంగతులు అడగండి: గత ఏడాది ఫీల్డ్ టూర్‌కు ఎక్కడికి వెళ్లారు? వర్గీకరణ చెప్పే అధ్యాపకులు ఈ మధ్య ఏం ప్రచురించారు? టూర్ అంటే రెండు రోజుల ఊటీ ప్రయాణమని జవాబొస్తే ఆలోచించుకోండి. నా లెక్కలో పేరున్న యూనివర్సిటీలో మూతపడ్డ హెర్బేరియం కన్నా చిన్న యూనివర్సిటీలో రోజూ తెరిచే హెర్బేరియం మేలు.

ప్రవేశ పరీక్ష

దీని గురించి తక్కువే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, తెలంగాణలో ఉస్మానియా నిర్వహించే సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ. రాష్ట్ర పరీక్షల్లో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రశ్నలు డిగ్రీ సిలబస్ నుంచే వస్తాయి. తెలుగు అకాడమీ పుస్తకాలు ఒకసారి పూర్తిగా తిరగేసి, పాత ప్రశ్నపత్రాలు టైమ్ పెట్టుకుని రాస్తే చాలు. ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఒక పని అదనంగా చేయాలి. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, అండన్యాసం, పత్రపుచ్ఛాలు వంటి పదాలన్నింటికీ ఇంగ్లీషు మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని కంఠస్థం చేయండి. మొక్కల వర్ణనల పుస్తకాలన్నీ ఆ భాషలోనే ఉంటాయి. మొత్తం మీద రెండు మూడు వందల పదాలు. నెలరోజుల్లో అయిపోయే పనికి టెన్షన్ అక్కర్లేదు.

చేరిన మొదటి ఆరు నెలలు: కుటుంబాలు కళ్లకు అలవాటు కావాలి

జాతుల పేర్లు బట్టీ పట్టడంతో మొదలుపెట్టకండి. ముందు కుటుంబాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. మన ప్రాంతంలో నలభై యాభై కుటుంబాలు బాగా వస్తే కంటపడే మొక్కల్లో అత్యధిక భాగం పరిధిలోకి వచ్చేస్తాయి. వాటిలోనూ ఫాబేసీ, పోయేసీ, సైపరేసీ, ఆస్టరేసీ, మాల్వేసీ, యుఫోర్బియేసీ, అపోసైనేసీ, లామియేసీ, అకాంథేసీ, రూబియేసీ, కన్వాల్వులేసీ, అమరాంథేసీలను ముందు పట్టుకోండి.

పద్ధతి సులభం. రోజుకొక పువ్వు కోయండి. బ్లేడుతో అండాశయాన్ని అడ్డంగా కోసి గదులెన్నో, అండాలు ఎక్కడ అంటుకున్నాయో చూడండి. పుష్ప సంకేతం, పుష్ప చిత్రం మీరే వేయండి. పుస్తకం అప్పటిదాకా తెరవొద్దు. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి లెన్సు కొని మెడలో వేసుకుని తిరగండి, దానికయ్యే ఖర్చు కొద్దిగానే. ఫోన్ యాప్‌లు పేరు వెంటనే చెప్పేస్తాయి కదా అంటారు. చెబుతాయి. ఉద్యానవనాల్లో పెంచే మొక్కలకు చాలాసార్లు సరిగ్గానే చెబుతాయి. మన అడవుల్లోని గడ్డి, తుంగ జాతుల దగ్గరకు వచ్చేసరికి ధీమాగా తప్పు చెబుతాయి. యాప్ ఇచ్చిన పేరును ఊహగా తీసుకుని, కీ (లక్షణాలను బట్టి పేరు కనిపెట్టే పట్టిక, ముందు వివరిస్తాను) తో సరిచూసుకోండి.

ఇక్కడ ఒక గందరగోళం ఎదురవుతుంది. మన దేశపు హెర్బేరియాలు చాలావరకు 1862–1883 మధ్య వెలువడిన బెంథామ్–హుకర్ వర్గీకరణ వరుసలో సర్ది ఉంటాయి. పరిశోధన పత్రాలేమో 64 క్రమాలు, 416 కుటుంబాలున్న 2016 నాటి ఏపీజీ–4 అనే, ప్రధానంగా డీఎన్‌ఏ ఆధారిత పద్ధతిని వాడతాయి. పాత లెక్కలో టేకు వెర్బినేసీ, జిల్లేడు ఆస్క్లెపియడేసీ. కొత్త లెక్కలో అవి లామియేసీ, అపోసైనేసీ. రెండు పద్ధతులూ నేర్చుకోవాలి. షీటు ఏ బీరువాలో ఉందో తెలియాలంటే పాతది, పేపర్ రాయాలంటే కొత్తది.

సేకరణకు బయల్దేరేముందు: అనుమతులు

రోడ్డు పక్కన, పొలం గట్ల మీద, కాలేజీ ఆవరణలో నేర్చుకోవడానికి కొమ్మ కోసుకుంటే అడిగేవారుండరు. రిజర్వు అడవిలోకి అడుగుపెట్టాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, టైగర్ రిజర్వులైతే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ స్థాయిలో అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు డిపార్ట్‌మెంట్ హెడ్ ద్వారా వెళ్లాలి, ఎక్కడ, ఏ నెలల్లో, ఏ మొక్కలు, ఎన్ని నమూనాలు అన్నది స్పష్టంగా రాయాలి. జవాబుకు నెలలు పట్టొచ్చు కాబట్టి వర్షాకాలం పని కోసం వేసవికి ముందే పెట్టండి.

కొన్ని మొక్కల విషయంలో చట్టం ఇంకా గట్టిది. తిరుమల కొండల్లోని పేరిత, అంటే సైకస్ బెడ్డోమీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన కొద్దిపాటి మొక్కల్లో ఒకటి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలోనూ ఉంది. పరిశోధన కోసమైనా ప్రత్యేక అనుమతి లేకుండా దాని ఆకు కూడా కోయకూడదు. ఎర్రచందనం ఉన్న కొండల్లో అపరిచితులు సంచులతో తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అనుమతి కాగితం, ఐడీ కార్డు జేబులో పెట్టుకోండి, స్థానిక బీట్ ఆఫీసర్‌కు ముందే చెప్పండి, వీలైతే ఆ ఊరివాళ్లనే తోడు తీసుకెళ్లండి. దారి తెలియడమొక్కటే కాదు, చెంచు, యానాది పెద్దల్లాంటివారితో నడిస్తే మొక్కల గురించి తెలిసేదీ ఎక్కువే.

హెర్బేరియం షీటు తయారీ

టాక్సానమీలో సాక్ష్యమంటే హెర్బేరియం షీటే. ఫొటో ఎంత బాగున్నా అది అదనపు ఆధారమే తప్ప షీటుకు బదులు కాదు.

పువ్వు గానీ కాయ గానీ లేని కొమ్మను కోయకండి. రెండూ ఉంటే ఇంకా మంచిది. చిన్న మొక్కలను వేళ్లతో సహా తీయాలి. గడ్డి జాతులకు వేరు, భూగర్భ కాండం లేకపోతే సగం కీలు పనిచేయవు. తుంగ జాతులకు ముదిరిన గింజ తప్పనిసరి. ఒక్కో మొక్కకు మూడు నాలుగు నకళ్లు తీయండి, అదీ అక్కడ ఆ మొక్కలు సమృద్ధిగా ఉంటేనే. ఒకటి మీ డిపార్ట్‌మెంట్‌కు, ఒకటి హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రానికి, మిగిలింది వేరే హెర్బేరియంతో మార్పిడికి.

కోసిన వెంటనే నోట్‌బుక్ తీయండి. ఎండితే పోయే లక్షణాలే మొదట రాయాలి: పువ్వు రంగు, వాసన, పాలు కారడం, ఆ పాల రంగు, చెట్టు ఎత్తు, బెరడు. తర్వాత నేల రకం, చుట్టూ ఉన్న మొక్కలు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ. ఊరివాళ్లు చెప్పిన పేరు, వాడుక కూడా. ప్రతి సేకరణకూ ఒక నంబరు ఇవ్వండి. ఆ వరుస ఒకటితో మొదలై జీవితాంతం సాగాలి. కొత్త ఏడాది వచ్చిందనో, కొత్త ప్రాజెక్టు మొదలైందనో మళ్లీ ఒకటి నుంచి మొదలెడితే పదేళ్ల తర్వాత ఏ 45 ఏదో మీకే తెలియదు.

చోటు పేరు రాసేటప్పుడు జిల్లాతో సరిపెట్టకండి. తెలంగాణ జిల్లాలు 2016లో, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో విడిపోయాయి. పాత షీటు మీద చిత్తూరు అని ఉన్న తిరుమల నమూనా ఇవాళ తిరుపతి జిల్లాది. కర్నూలు అని రాసిన నల్లమల నమూనా నంద్యాల జిల్లాది కావచ్చు. ఊరు, మండలం, కొండ పేరు, అక్షాంశ రేఖాంశాలు ఉంటే జిల్లాలు ఎన్నిసార్లు మారినా ఇబ్బంది లేదు.

ఒత్తడానికి న్యూస్‌పేపర్లు చాలు. ఆకుల్లో ఒకటి రెండు వెనక్కి తిప్పి పెట్టండి, అడుగువైపు నూగు కనిపించాలి. మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. వర్షాకాలంలో మార్చకపోతే రెండో రోజుకే బూజు వస్తుంది. బల్బులు పెట్టిన చెక్కపెట్టె డ్రయ్యర్ ఒకటి డిపార్ట్‌మెంట్‌లో తయారు చేయించుకుంటే ఈ బాధ తగ్గుతుంది. రసభరితమైన మొక్కలను, ఒత్తితే ఆకులు రాల్చేవాటిని మరిగే నీళ్లలో ఒక్క క్షణం ముంచి ఒత్తండి. ఆర్కిడ్లు, బ్రాకిస్టెల్మా వంటి నాజూకైన పువ్వులు ఒత్తితే రూపు పోతుంది, వాటిని 70 శాతం ఆల్కహాల్ సీసాలో విడిగా ఉంచి అదే నంబరు వేయండి. డీఎన్‌ఏ పని ఉంటుందనుకుంటే లేత ఆకు ముక్కలు సిలికా జెల్‌లో వేయాలి.

ఎండినవాటిని సుమారు 42 × 28 సెంటీమీటర్ల మందపాటి షీటు మీద కుట్టో అంటించో, కుడివైపు కింద లేబుల్ పెడతారు. పాత పద్ధతిలో మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచేవారు. అది విషం. పాత షీట్లు పట్టుకున్నాక చేతులు కడగకుండా టిఫిన్ తినకండి. ఇప్పుడు చాలాచోట్ల డీప్ ఫ్రీజర్‌లో పెట్టి పురుగును చంపుతున్నారు.

ఏ నెలలో వెళ్లాలి అన్నది మొక్కను బట్టి ఉంటుంది. అడ్మిషన్లు ఆలస్యమై క్లాసులు మొదలయ్యేసరికి తరచూ తొలకరి దాటిపోతుంది. తొలి వానలకు దుంపల నుంచి లేచి నాలుగు రోజుల్లో పూసి మాయమయ్యే మొక్కలు అప్పటికి ఉండవు. గడ్డి జాతులకు ఆగస్టు నుంచి నవంబరు దాకా మంచి కాలం. మోదుగ, బూరుగ, ఇప్ప వంటి చెట్లు ఆకు రాల్చి ఎండాకాలం మొదట్లో పూస్తాయి. ఒకే చోటికి వేర్వేరు కాలాల్లో వెళ్లడం ఎన్నో చోట్లకు ఒక్కోసారి వెళ్లడం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

పేరు కనిపెట్టడం: గలిజేరు, అటికమామిడి సంగతి

కీ అంటే రెండు రెండు వాక్యాల జతల వరుస. ప్రతి జతలో మీ మొక్కకు సరిపోయేదాన్ని ఎంచుకుంటూ పోతే చివర పేరు వస్తుంది. జతలో రెండో వాక్యం కూడా పూర్తిగా చదివాకే నిర్ణయించుకోండి. తొందరపాటుతో మొదటిదే సరిపోయిందనిపించడం సహజం.

ఒక ఉదాహరణ. గలిజేరు, అటికమామిడి రెండూ నేలమీద పాకేవే. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా, జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పేర్లు కూడా ఊరిని బట్టి తారుమారవుతాయి. పునర్నవ పేరుతో మందుల దుకాణాలకు రెండూ చేరతాయి. పూలు విప్పి చూడండి. అటికమామిడి అనే బోయర్‌హావియా డిఫ్యూసాలో కేసరాలు రెండో మూడో ఉంటాయి, కాయ జిగురుగా బట్టలకు అంటుకుంటుంది, కుటుంబం నిక్టాజినేసీ. గలిజేరు అనే ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్‌లో కేసరాలు పదికి పైగా ఉంటాయి, కాయ మూతలా ఊడే గుళిక, ఆకు తొడిమ అడుగున పొరలా వెడల్పవుతుంది, కుటుంబం ఐజోయేసీ. దూరం నుంచి కవలల్లా కనిపించే ఈ రెండు మొక్కలవీ వేర్వేరు కుటుంబాలు.

ఏ పుస్తకం వాడాలి? కోస్తా, రాయలసీమల మొక్కలకు ఇప్పటికీ మొదట తెరిచేది 1915–1936 మధ్య భాగాలుగా వచ్చిన గాంబుల్ మద్రాస్ ప్రెసిడెన్సీ ఫ్లోరా. గాంబుల్ 1925లో చనిపోతే మిగిలినది ఫిషర్ పూర్తిచేశాడు. దాని కీలు పదునైనవి, వర్ణనలు పొట్టివి. తెలంగాణ విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి: నిజాం రాజ్యం మద్రాస్ ప్రెసిడెన్సీలో లేదు కాబట్టి తెలంగాణలో దొరికే కొన్ని మొక్కలు గాంబుల్‌లో ఉండకపోవచ్చు. అక్కడ ఉమ్మడి రాష్ట్ర ఫ్లోరా, జిల్లా ఫ్లోరాలు తోడు పెట్టుకోండి. నల్లమల మీద పనిచేస్తే జె.ఎల్.ఎల్లిస్ రాసిన నల్లమల ఫ్లోరా తప్పదు. హుకర్ సంపాదకత్వంలో 1872–1897 మధ్య ఏడు సంపుటాలుగా వచ్చిన బ్రిటిష్ ఇండియా ఫ్లోరా వీటన్నిటికీ పునాది. పాతవన్నీ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలోనూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉచితంగా దిగుతాయి.

కీ ద్వారా వచ్చిన పేరును నమ్మేయకుండా పూర్తి వర్ణనతో పోల్చండి, తర్వాత హెర్బేరియంలోని షీట్లతో పోల్చండి. కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియానికి ఒక్కసారైనా వెళ్లిరావాలి. మన ప్రాంతపు పాత సేకరణలు చాలా అక్కడే ఉన్నాయి. హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియం దేశంలోకెల్లా పెద్దది. వెళ్లేముందు గైడ్ సంతకంతో ఉత్తరం పంపి తేదీ ఖరారు చేసుకోండి.

పేరు వెనకాల చట్టం

జంతువుల పేర్లకు వేరే నియమావళి ఉంది. శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల పేర్లకు ఉన్న అంతర్జాతీయ కోడ్‌ను ఆరేడేళ్లకోసారి జరిగే వృక్షశాస్త్ర కాంగ్రెస్ సవరిస్తుంది. 2017లో షెన్‌జెన్‌లో, 2024లో మాడ్రిడ్‌లో జరిగాయి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2025లో వెలువడిన మాడ్రిడ్ కోడ్. పూర్తిగా చదవడం కష్టంగా ఉంటే ప్రాధాన్య సూత్రం, టైపు నియమాలు, చెల్లుబాటయ్యే ప్రచురణ అన్న మూడు భాగాలు ముందు చదవండి.

తంగేడుతో చూద్దాం. దీని పేరు సెన్నా ఆరిక్యులేటా. తర్వాత బ్రాకెట్‌లో ఎల్., బ్రాకెట్ బయట రాక్స్‌బ్. అని ఉంటుంది. అర్థమేమిటంటే, లినేయస్ 1753లో దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు, రాక్స్‌బరో దాన్ని సెన్నా ప్రజాతిలోకి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) మార్చాడు. రాక్స్‌బరో మార్పు 1832లో అచ్చయినా తర్వాతివాళ్లు నూటయాభై ఏళ్లు కాసియా అనే రాశారు. 1982లో కాసియా ప్రజాతిని మళ్లీ విడదీశాక పాత మార్పుకు ప్రాణం వచ్చింది. అందుకే గాంబుల్‌లో తంగేడు వెతికేవారు కాసియా కింద చూడాలి. నల్లతుమ్మ కథ ఇంకా గొడవగా సాగింది. అకేషియా అన్న పేరు ఆస్ట్రేలియా జాతులకు మిగలాలని 2005లో తీసుకున్న నిర్ణయం 2011లో మెల్‌బోర్న్ కాంగ్రెస్‌లో ఖరారైంది, మన నల్లతుమ్మ వాచెల్లియా నిలోటికా అయింది. ఊళ్లో మాత్రం అది తుమ్మే.

ప్రతి పేరూ ఒక టైపు నమూనాకు, అంటే ఆ పేరు ఏ మొక్కదో తేల్చే మూల నమూనాకు, కట్టి ఉంటుంది. హోలోటైపు, ఐసోటైపు, లెక్టోటైపు, నియోటైపు అన్న నాలుగింటి తేడా తెలియకుండా ముందుకెళ్లొద్దు. తెలుగు నేలకు ఇందులో పెద్ద వాటా ఉంది. విలియం రాక్స్‌బరో 1781 నుంచి సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లాక కూడా ఆ పని సాగించాడు. ఆయన పెట్టిన కొన్ని పేర్లకు నమూనా దొరక్క, ఆ బొమ్మలే టైపులుగా నిలిచాయి. జాలారి ప్రజాతికే చెందిన షోరియా తుంబుగ్గాయా వంటి పేర్లలో ఆయన విన్న తెలుగు మాటలు అలాగే ఉన్నాయి. కాబట్టి కోరమాండల్ తీరపు మొక్కపై పనిచేసేవారు లండన్‌లోని క్యూ బొటానిక్ గార్డెన్స్‌లో, హౌరాలో ఉన్న రాక్స్‌బరో చిత్రాలను చూడక తప్పదు. క్యూ బొమ్మలు, షీట్లు చాలావరకు ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

పేరు సరైనదో కాదో చూసుకోవడానికి ఐపీఎన్‌ఐ (మొక్కల పేర్ల అంతర్జాతీయ సూచిక), ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్లను రోజూ వాడండి. మొదటిది పేరు ఎక్కడ అచ్చయిందో చెబుతుంది, ఆమోదయోగ్యమా కాదా అన్నది చెప్పేది రెండోది.

డిసర్టేషన్ ఏ అంశం మీద?

జిల్లా మొత్తం మొక్కల జాబితా అన్న అంశం తీసుకోకండి. ఒక సెమిస్టర్‌లో అది అసంపూర్ణంగానే మిగులుతుంది. ఒక చిన్న కొండ లేదా చెరువు, లేదంటే మీ జిల్లాలో ఒక్క ప్రజాతి తీసుకోండి. క్రోటలేరియా, ఇండిగోఫెరా, ఫిల్లాంథస్, ఐపోమియా వంటివి మంచి అభ్యాసం. శేషాచలం, నల్లమల, తూర్పు కనుమల ఉత్తర భాగం, ఆదిలాబాద్ అడవుల్లో చేయాల్సింది ఇంకా చాలా ఉంది. తెల్ల కరక, మొగి, కొండ సాంబ్రాణి వంటి స్థానిక జాతులు ఎక్కడెక్కడ ఎన్ని మిగిలాయో చూడటం కూడా విలువైన పనే.

డీఎన్‌ఏ లేకుండా ఈ రోజుల్లో టాక్సానమీ లేదని కొందరు భయపెడతారు. ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే, ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాలను సీక్వెన్స్ చేసి, జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లోని వాటితో పోల్చి, వంశవృక్షం గీయడం ఎమ్మెస్సీలోనే నేర్చుకుంటే పీహెచ్‌డీలో తేలిక. అయితే తప్పుగా గుర్తించిన మొక్క నుంచి తీసిన సీక్వెన్స్ డేటాబేస్‌ను పాడుచేస్తుంది. ముందు షీటు, తర్వాత ట్యూబు.

నెట్, పీహెచ్‌డీ

సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్‌లో బోటనీ విడిగా ఉండదు, లైఫ్ సైన్సెస్ ఒకటే. 200 మార్కుల పేపర్లో పార్ట్–ఎకు 30, పార్ట్–బీకి 70, పార్ట్–సీకి 100. తప్పు జవాబుకు పావు వంతు మార్కులు పోతాయి. 13 యూనిట్లలో వర్గీకరణకు దగ్గరగా ఉన్నవి జీవవైవిధ్యం, జీవావరణం, పరిణామం అన్న మూడు యూనిట్లు. ఈ మూడింటిని వదలకుండా చదివి, వాటికి జన్యుశాస్త్రం, మొక్కల శరీరధర్మం, ప్రయోగ పద్ధతులు కలిపితే టాక్సానమీ విద్యార్థికి సరిపడే వ్యూహం. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 సవరణ ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42 వేలు. గేట్ రాయాలనుకుంటే లైఫ్ సైన్సెస్ పేపర్లో కెమిస్ట్రీ తప్పనిసరి, బోటనీని ఒక ఐచ్ఛికంగా తీసుకోవచ్చు.

గైడ్‌ను ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. ఆయన లేదా ఆమె విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఫీల్డుకు వెళ్లనిస్తారా, ప్రాజెక్టు నిధులు ఉన్నాయా అన్నది ఆ ల్యాబ్ పిల్లలనే అడగండి. యూనివర్సిటీలతో పాటు బొటానికల్ సర్వే, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ (ఎన్‌బీఆర్‌ఐ), కేరళలో పాలోడ్ దగ్గరి బొటానిక్ గార్డెన్ పరిశోధన సంస్థ, బెంగళూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీనీ చూడండి. విదేశాల్లో ఏడాది ఎమ్మెస్సీ చేయాలంటే ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్‌తో కలిసి ఎడిన్‌బరో యూనివర్సిటీ, క్యూతో కలిసి లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ నడిపే టాక్సానమీ కోర్సులున్నాయి. ఫీజు బరువు ఎక్కువ, స్కాలర్‌షిప్ ఖాయమయ్యాకే వెళ్లడం మంచిది.

కొత్త జాతి దొరికిందనిపిస్తే

మొదట అనుమానించండి. పక్క రాష్ట్రాల ఫ్లోరాలు, శ్రీలంక, మయన్మార్ జాతులు, ఆ ప్రజాతిలో ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నిటి మూల వర్ణనలు చూడండి. కొత్తదనుకున్నది చాలాసార్లు వేరే చోట నుంచి వచ్చిపడిన కలుపు మొక్క అవుతుంది. అదీ కాదని తేలితే, ఆ ప్రజాతి మీద పనిచేసే నిపుణులకు ఫొటోలు, కొలతలు పంపండి. శేషాచలంలో దొరికి అన్నమాచార్యుడి పేరు పొందిన బ్రాకిస్టెల్మా అన్నమాచార్యే లాంటి మొక్కలు చెబుతున్నది ఒకటే, మన కొండల్లో చిన్న దుంప మొక్కలను ఇంకా ఎవరూ పూర్తిగా చూడలేదు.

వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నియమం 2012 జనవరి 1 నుంచి లేదు, ఇంగ్లీషు చాలు. హోలోటైపు ఏ హెర్బేరియంలో ఉందో రాయాలి. అది అందరికీ అందుబాటులో ఉండే చోట ఉంచండి, ఇంట్లో బీరువాలో కాదు. రీడియా, నెలుంబో, ఫైటోటాక్సా, జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా వంటి పత్రికలు ఇలాంటి వ్యాసాలు వేస్తాయి. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే పత్రికల జోలికి పోకండి.

ఉద్యోగాలు

ఉన్నమాట చెప్పుకోవాలి, టాక్సానమిస్ట్ అన్న పేరుతో నేరుగా వచ్చే పోస్టులు తక్కువ. బొటానికల్ సర్వేలో బోటనిస్ట్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా, ఎప్పుడో ఒకసారి వస్తాయి. జూనియర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులు రాష్ట్ర సర్వీస్ కమిషన్ల ద్వారా వస్తాయి, డిగ్రీ లెక్చరర్‌కు సెట్ (రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష) లేదా నెట్ అర్హత. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌లో బోటనీ ఐచ్ఛికంగా తీసుకున్నవాళ్లకు ఈ చదువు నేరుగా పనికొస్తుంది. రేంజ్ ఆఫీసర్ పరీక్షలకూ అంతే.

జనం పెద్దగా పట్టించుకోని దారి ఇంకోటి ఉంది. ఆయుర్వేద కంపెనీలకు ముడిసరుకు అసలుదేనా అని చెప్పేవాళ్లు కావాలి. ఫార్మసీ విద్యార్థుల పరిశోధనకు మొక్క గుర్తింపు ధ్రువపత్రం కావాలి. గనులు, రోడ్లు, ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ నివేదికలకు మొక్కల జాబితా తయారుచేసే వాళ్లు కావాలి. ఈ చివరి పనిలో జాబితాను పల్చన చేయమన్న ఒత్తిడి రావచ్చు, మీరు చూసిన మొక్కలకు షీట్లు, తేదీలు ఉంటే నిలబడగలరు. ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు కూడా పొడి తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టకండి. పువ్వో కాయో ఉన్న కొమ్మ తెమ్మనండి, షీటు చేసి నంబరు వేయండి, ఆ నంబరు ధ్రువపత్రం మీద రాసి ఇవ్వండి.